ఎనిమిదో తరగతిలో నా పేరు కాంచన

ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. ఇంట్లో అందరి మధ్యా స్పీకర్ పెట్టుకుని వినే ఎపిసోడ్ కాకపోవచ్చు ఇది. లేదు, పర్లేదు అనుకుంటే స్పీకర్లోనే పెట్టండి, ఇంకా మంచిది.

ఇవాళ దెయ్యాల గురించి మాట్లాడదాం. దెయ్యాలు, రక్తం తాగే పిశాచాలు, రూపం మార్చే కామరూపులు. భయపెట్టడానికి కాదు లెండి. చిన్నప్పటి నుంచీ కథల్లో నాలాంటివాళ్లు ఎవరన్నా ఉన్నారా అని వెతికితే నాకు ఎక్కువగా దొరికింది వీళ్లే. అది ఎందుకలా అన్నదే ఇవాళ్టి మాట.

మొదలు పెట్టాల్సింది 2011లో. ఆ ఏడాది రాఘవ లారెన్స్ తీసిన 'కాంచన' వచ్చింది. తమిళం, తెలుగు రెండిట్లోనూ. నేనప్పుడు ఎనిమిదో తరగతి. ఒంగోల్లో నలుగురు ఫ్రెండ్స్‌తో వెళ్లి చూశాను. కథ మీకు తెలిసే ఉంటుంది, టీవీలో వేసినన్నిసార్లు ఇంకే సినిమా వేసుండరు. దెయ్యాలంటే చచ్చేంత భయం ఉన్న రాఘవ అనే కుర్రాడిలోకి ఒక ఆత్మ దూరుతుంది. ఆ ఆత్మ కాంచనది. కాంచన ట్రాన్స్ మహిళ. శరత్ కుమార్ వేశారు ఆ పాత్ర. ఇంట్లోంచి గెంటేస్తే బయటికొచ్చి, తనలాంటి ఇంకో అమ్మాయిని చేరదీసి డాక్టర్ చదివిస్తుంది. ఆస్పత్రి కోసం కొన్న స్థలం మీద ఒక రాజకీయ నాయకుడి కన్ను పడుతుంది. చంపేస్తారు. చచ్చి దెయ్యమై వస్తుంది.

ఇంటర్వెల్ దాకా హాలంతా నవ్వులే. ఎందుకు నవ్వు? రాఘవ ఆడవాళ్లలా నడుస్తాడు, చీర కట్టుకుంటాడు, గాజులేసుకుంటాడు. వాళ్లమ్మ కోవై సరళ హడలిపోతుంది. ఇంటర్వెల్ తర్వాత ఫ్లాష్‌బ్యాక్‌లో హాలంతా కన్నీళ్లు. నేనూ ఏడ్చాను, చీకట్లో ఎవరూ చూడలేదు.

సోమవారం బడికెళ్లేసరికి నా పేరు మారిపోయింది. కాంచన. నా నడక, నేను చేతులు తిప్పుతూ మాట్లాడే తీరు వాళ్లు ఎప్పట్నుంచో చూస్తున్నారు, ఇప్పుడు దానికో పేరు దొరికింది, అంతే. దానికి ముందు నన్ను 'తేడా' అనేవాళ్లు. ఈ మాట మీరూ వినే ఉంటారు. 'వాడు తేడా.' దేనికీ దేనికీ తేడా అని అడిగితే ఎవరూ చెప్పరు.

అందరూ చూసింది ఒకే సినిమా. ఫ్లాష్‌బ్యాక్‌లో ఏడ్చినవాళ్లే నన్ను ఆ పేరుతో పిలిచారు. అంటే ఇంటికి పట్టుకెళ్లింది మొదటి సగాన్ని, రెండో సగాన్ని హాల్లోనే వదిలేశారు. ఇంకో విషయం, అది నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది. ఆ వయసులో నేను తెర మీద చూసిన, నాకు కాస్త దగ్గరగా అనిపించిన మొట్టమొదటి మనిషి అప్పటికే చచ్చిపోయి ఉంది. ఆమె మాట్లాడాలంటే ముందు దెయ్యం అవ్వాల్సి వచ్చింది.

ఒక చిన్న వివరణ ఇచ్చేసి ముందుకెళ్తా. నేను గే. ట్రాన్స్ కాదు. కాంచన పడ్డ బాధ, నేను పడ్డది ఒకటి కాదు. కానీ బడిలో పిల్లలకి ఆ తేడా అక్కర్లేదు. మగాడు ఇలాగే ఉండాలి, ఆడది ఇలాగే ఉండాలి అనే గీత దాటినవాళ్లందరికీ ఒకే బుట్ట. ఆ బుట్టలో ఉన్నవాళ్లమే ఇప్పుడు మమ్మల్ని మేం క్వీర్ అని పిలుచుకుంటున్నాం.

సరే, ఈ దెయ్యాల సంగతి మన సినిమాతో మొదలవలేదు. డ్రాకులా పేరు అందరికీ తెలుసు. బ్రామ్ స్టోకర్ నవల, 1897. దానికి పాతికేళ్ల ముందే షెరిడన్ లె ఫాను అనే ఐరిష్ రచయిత 'కార్మిల్లా' అని ఒక కథ రాశాడు. 1871–72లో పత్రికలో సీరియల్‌గా వచ్చింది. అందులో రక్తం తాగేది అమ్మాయి. తాగేది కూడా అమ్మాయిల రక్తమే.

కథ ఇదీ. ఆస్ట్రియాలో స్టిరియా అనే ప్రాంతం. అడవి మధ్య పాత కోట. అక్కడ లారా అనే అమ్మాయి తండ్రితో ఉంటుంది. మాట్లాడ్డానికి తన వయసువాళ్లు ఎవరూ లేరు. ఒక రోజు కోట ముందే గుర్రపు బండి ఒకటి బోల్తా పడుతుంది. అందులోంచి కార్మిల్లా దిగుతుంది. వాళ్లమ్మ అర్జెంటు పనుందని కూతుర్ని అక్కడ వదిలేసి వెళ్లిపోతుంది. ఇద్దరూ స్నేహితులవుతారు. కార్మిల్లా లారా చెయ్యి పట్టుకుంటుంది, ముద్దులు పెడుతుంది, నువ్వు నాదానివి అన్నట్టు మాట్లాడుతుంది. లారాకి ఒకపక్క హాయి, ఒకపక్క వెగటు. రెండూ ఒకేసారి. రాత్రిళ్లు మాత్రం పెద్ద పిల్లిలాంటి నల్లటి జంతువొకటి మంచం దగ్గరికి వస్తుంది, గుండె మీద సూదులు గుచ్చినట్టు అవుతుంది. ఆ జంతువు ఎవరో మీకీపాటికి అర్థమైపోయి ఉంటుంది.

ఇద్దరమ్మాయిల ప్రేమ కథని 1872లో అచ్చేయగలరా? ఆస్కార్ వైల్డ్ గుర్తున్నాడా? ఇంకో మగవాళ్లతో సంబంధాలున్నాయని 1895లో లండన్ కోర్టు రెండేళ్ల కఠిన శిక్ష వేసింది ఆయనకి. ఆ దేశం వాళ్లే మనకి 1860లో శిక్షాస్మృతి రాసిపెట్టి, అందులో 377 సెక్షన్ పెట్టి వెళ్లారు. పెద్దవాళ్లు ఇష్టపడి కలిసుంటే ఆ సెక్షన్ వర్తించదని మన సుప్రీంకోర్టు చెప్పేసరికి 2018 సెప్టెంబర్ 6 అయింది. అలాంటి కాలంలో ఆ ప్రేమని కాగితం మీదకి తేవాలంటే ఒకటే దారి. ప్రేమించేదాన్ని పిశాచం చేయాలి, చివర్లో చంపేయాలి. అప్పుడు ఎవరూ ఏమీ అనరు. కార్మిల్లాకీ అదే జరుగుతుంది. సమాధి తవ్వి, గుండెలో మేకు దించి, తల నరికి, కాల్చేస్తారు. మగవాళ్లంతా కలిసి, పద్ధతిగా.

అయితే కథ అక్కడ ఆగదు. లారా ఈ సంగతంతా చాలా ఏళ్ల తర్వాత చెప్తోంది మనకి. ఇప్పటికీ అప్పుడప్పుడు గది తలుపు దగ్గర కార్మిల్లా అడుగుల చప్పుడు విన్నట్టు అనిపిస్తుందట. భయంతో చెప్పిందా, బెంగతో చెప్పిందా? ఆ రచయిత తేల్చలేదు. నాకైతే బెంగే వినిపించింది. ఇంజినీరింగ్ హాస్టల్లో, దుప్పటి కప్పుకుని, ఫోన్లో చదివాను అది. పాత పుస్తకం కాబట్టి ఇంటర్నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది. వంద పేజీలు కాస్త అటూ ఇటూ. చదవండి.

ఆ తర్వాత హాలీవుడ్‌. అక్కడ స్టూడియోలు 1930లో తమకి తాము ఒక నియమావళి పెట్టుకున్నాయి, 1934 నుంచి గట్టిగా అమలు చేశాయి. హేస్ కోడ్ అంటారు. చూపించకూడనివాటి జాబితాలో స్వలింగ ప్రేమ కూడా ఉంది, నేరుగా ఆ పేరు పెట్టకుండా వికృతి అని రాశారు. దాని నీడ కూడా కనపడకూడదు. సరే, మరి 1936లో 'డ్రాక్యులాస్ డాటర్' అని సినిమా వచ్చింది. అందులో డ్రాకులా కూతురు, మార్యా జలెస్కా అనే కౌంటెస్, ఒక పేద అమ్మాయిని బొమ్మ గీస్తానని ఇంటికి పిలిపించుకుని, ఆ అమ్మాయి భుజాల వైపు చూస్తూ ఉండిపోతుంది. ఆ చూపు మీకు అర్థమవుతుంది. సెన్సార్‌కి మాత్రం ఆమె పిశాచం, రక్తం కోసం చూస్తోంది, అంతే.

ఈ సినిమాలో నన్ను పట్టుకుంది ఆ సీన్ కాదు. ఆ కౌంటెస్‌కి తను ఇలా ఉండటం ఇష్టం లేదు. తండ్రి శవాన్ని దగ్గరుండి దహనం చేయిస్తుంది, ఇక నాకు విముక్తి వచ్చింది అనుకుంటుంది. రాదు. అప్పుడు సైకియాట్రిస్ట్ దగ్గరికెళ్తుంది. ఆయన తాగుడు మాన్పించే పద్ధతి చెప్తాడు, సీసా ఎదురుగా పెట్టుకుని తట్టుకోవాలని. తను ప్రయత్నిస్తుంది. ఆ పేద అమ్మాయిని పిలిపించుకున్నది ఆ ప్రయత్నంలోనే. ఓడిపోతుంది.

2019లో నేను అమ్మకి చెప్పాను. వంటింట్లో, కూర తరుగుతోంది. అంతా విన్నాక తను మొదట అన్న మాట, 'డాక్టర్‌కి చూపిద్దామా నాన్నా?' తిట్టలేదు. ఏడవలేదు. జ్వరం వస్తే ఎలా అంటుందో అలాగే అంది. వెళ్లాం కూడా. ఆ డాక్టర్ నిద్రమాత్రలు రాసి, పెళ్లి చేస్తే సర్దుకుంటుందన్నాడు. బిల్లు అమ్మే కట్టింది. ఇలా 'మార్చే' వైద్యాన్ని ఆపమని 2021లో మద్రాస్ హైకోర్టు చెప్పింది. అది వృత్తిపరమైన తప్పని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పింది. మీ ఇంట్లో ఎవరన్నా ఈ మాట ఎత్తితే ఈ రెండు సంవత్సరాలూ గుర్తుపెట్టుకోండి, పనికొస్తాయి. నా విషయంలో అప్పటికే మాత్రలు మింగేశాను. ఆ సినిమా చూసేటప్పుడు కౌంటెస్ పక్కన కుర్చీలో నేనున్నాను, అంతే చెప్పగలను.

ఇప్పుడు ఫ్రాంకెన్‌స్టైన్. మేరీ షెల్లీ నవల, 1818. చాలామంది ఫ్రాంకెన్‌స్టైన్ అంటే ఆ వికృత జీవి పేరే అనుకుంటారు. కాదు, అది తయారుచేసినవాడి పేరు. ఆ జీవికి పేరే లేదు. ప్రాణం రాగానే తయారుచేసినవాడు భయపడి పారిపోతాడు, పేరెవరు పెడతారు?

అందులో ఒక భాగం ఉంది, సినిమాల్లో సరిగ్గా రాదు. ఆ జీవి అడవిలో ఒక ఇంటి పక్కన కొట్టంలో దాక్కుంటుంది. గోడకి చిన్న సందు. అందులోంచి ఆ ఇంట్లోవాళ్లని నెలల తరబడి చూస్తుంది. ముసలాయన, కొడుకు ఫీలిక్స్, కూతురు అగాథా. వాళ్ల మాటలు విని భాష నేర్చుకుంటుంది. రాత్రిపూట వాళ్ల కోసం కట్టెలు కొట్టి గుమ్మం దగ్గర పెడుతుంది. వాళ్లకి తెలీదు ఎవరు పెడుతున్నారో. ఒకరోజు ధైర్యం చేసి, ముసలాయన ఒక్కడే ఉన్నప్పుడు లోపలికెళ్తుంది. ముసలాయనకి చూపు లేదు. ఆయన ఆ గొంతు వింటాడు, కూర్చోమంటాడు, మంచిగా మాట్లాడతాడు. అంతలో పిల్లలు తిరిగొస్తారు. చూస్తారు. ఫీలిక్స్ కర్ర తీసుకుని కొడతాడు.

విన్నవాడు మనిషిలా మాట్లాడాడు. చూసినవాడు కొట్టాడు. కుటుంబం అనేదాన్ని గోడ సందులోంచి చూడ్డం అంటే ఏంటో నాకు తెలుసు. పెళ్లిళ్లలో కూర్చుని బాబాయిలు, అత్తలు 'నీదెప్పుడురా' అని అడుగుతుంటే నవ్వుతూ ఉంటాం చూడండి, అది ఆ సందే. వాళ్ల మధ్యలోనే కూర్చుంటాం, వాళ్ల కట్టెలన్నీ కొట్టిపెడతాం. ఏటీఎంకి వెళ్లొస్తాం, తాతయ్యని ఆస్పత్రికి తీసుకెళ్తాం. మన గొంతు వాళ్లకి తెలుసు. మనం కనబడితే ఏం చేస్తారో మాత్రం మనకి తెలీదు.

సూసన్ స్ట్రైకర్ అని అమెరికాలో చరిత్రకారిణి ఉన్నారు, ట్రాన్స్ మహిళ. 1993లో కాలిఫోర్నియాలో ఒక సదస్సులో ఆమె ఆ జీవి తరఫునే నిలబడి ప్రసంగించారు. మరుసటి ఏడాది అది అచ్చయింది. ట్రాన్స్ మనుషుల్ని కృత్రిమం, వికృతం అని తిడుతున్నారు కదా, సరే, ఆ తిట్టుని నేనే తీసుకుంటాను అన్నది ఆమె వాదం. ఆ జీవిలాగే నా శరీరంలోనూ డాక్టర్ల కుట్లున్నాయి, ఆ జీవిలాగే నన్ను తయారుచేసినవాళ్లకంటే ఎక్కువ మాట్లాడగలను, నాకు కోపం కూడా ఉంది అని. 'తేడా' అన్న మాటని తిరిగి వాళ్ల ముఖాన పెట్టినట్టు. నాకు ఆ ధైర్యం ఎనిమిదో తరగతిలో ఉండుంటే ఎంత బాగుండేది!

నాకు ధైర్యం లేకపోవడమే కాదు. ఇది చెప్పాలా వద్దా అని వారం ఆలోచించాను. ఇంటర్ చదివేటప్పుడు ఒంగోలు నుంచి విజయవాడ హాస్టల్‌కి రైల్లో తిరిగేవాళ్లం. ఒకసారి బోగీలోకి హిజ్రాలు వచ్చారు, చప్పట్లు కొడుతూ. పక్కనున్న ఫ్రెండ్స్ నన్ను మోచేత్తో పొడిచారు, 'మీవాళ్లొచ్చార్రా' అని. వాళ్లలో ఒకావిడ నా ముందు ఆగింది. పెద్దావిడ, మా పెద్దమ్మ వయసు ఉంటుంది. నా తల మీద చెయ్యి పెట్టబోయింది. నేను ఆ చెయ్యి విసిరికొట్టి, అందరికంటే గట్టిగా, అనకూడని మాటొకటి అన్నాను. ఫ్రెండ్స్ నవ్వారు. ఆ వారం నన్ను ఎవరూ కాంచన అనలేదు. ఫ్రాంకెన్‌స్టైన్‌లో ఆ జీవి నేనే అని చెప్పుకోవడం బానే ఉంటుంది. ఆ రైల్లో నేను ఫీలిక్స్‌ని.

ఇక్కడ ఒక సంగతి. ఈ పిశాచాలన్నీ మనమే అని మరీ సంబరపడిపోకండి. కార్మిల్లా నిజంగానే అమ్మాయిల్ని చంపుతుంది. ఫ్రాంకెన్‌స్టైన్ జీవి ఒక చిన్న పిల్లాడిని చంపుతుంది. నేనెవర్నీ చంపలేదు, మీరూ చంపలేదు. ఎక్స్-మెన్ సినిమాల్లో కూడా ఇదే చిక్కు. అక్కడ మ్యూటెంట్‌లు గోడలు పగలగొట్టగలరు, మెదళ్లలోకి దూరగలరు, కాబట్టి జనం భయపడటంలో కాస్త న్యాయముంది అనిపిస్తుంది. మనల్ని చూసి భయపడటంలో ఏ న్యాయమూ లేదు. 'వాళ్లు పిల్లల్ని పాడుచేస్తారు' అనే మాట ఈ పిశాచ కథల్లాగే ఉంటుంది, కాటేస్తే అంటుకుంటుంది అన్నట్టు. కాబట్టి ఈ కథలు మనకి చోటు ఇచ్చాయి, అదే చోట మనకి మచ్చ కూడా పెట్టాయి. నాకు రెండూ నిజమే.

అందుకే నాకు పిశాచాలకంటే రూపం మార్చేవాళ్లే నచ్చుతారు. మనకి ఎంత మంచి మాటుందో చూడండి, కామరూపి. కోరుకున్న రూపం తీసుకునేవాళ్లు. మా నాయనమ్మ ఈ మాట రాక్షసులకే వాడేది. విఠలాచార్య సినిమాలు చూసి నేనూ అలాగే అనుకున్నాను. కానీ వాల్మీకి రామాయణంలో వానరుల్ని కూడా కామరూపులనే అంటారు. మారీచుడు బంగారు లేడి అయ్యాడు, నిజమే. హనుమంతుడు రాముడి దగ్గరికి మొదటిసారి వచ్చింది భిక్షువు రూపంలోనే కదా? లంకలోకి దూరింది చిన్న రూపంలోనే కదా? రూపం మార్చినందుకు ఆయన్నెవరూ మోసగాడు అనలేదు. అంటే మన కథల్లో తప్పు రూపం మార్చడంలో లేదు, ఎందుకు మార్చావన్నదాంట్లో ఉంది. (మోహిని, శిఖండి, బృహన్నల సంగతి ఎత్తలేదేంటి అని అడుగుతారని తెలుసు. వాటికి విడిగా ఒక ఎపిసోడ్ కావాలి, రెండు ముక్కల్లో తేలేది కాదు.)

నేనూ కామరూపినే. హాస్టల్లో చేరేముందు వేసవి సెలవులంతా ప్రాక్టీస్ చేశాను. డాబా మీద, సాయంత్రం పూట. కాళ్లు దూరంగా వేసి నడవడం. చేతులు జేబుల్లో పెట్టుకోవడం, లేకపోతే అవి తిరుగుతాయి. గొంతు బరువు చేయడం. వాక్యం చివర్లో సాగదీయకుండా కోసేయడం. హాస్టల్లో నన్నెవరూ ఏమీ అనలేదు. నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో కూడా. బాగా కుదిరింది ఆ రూపం. కానీ రాత్రి గదిలో లైట్ ఆపాక ఒళ్లంతా నొప్పులు. ఏ పనీ చేయకుండానే.

'నిమోనా' చూసినప్పుడు ఈ నొప్పులే గుర్తొచ్చాయి. నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది, 2023 సినిమా, యానిమేషన్. రాసింది ఎన్.డి. స్టీవెన్సన్. ఆర్ట్ కాలేజీలో చదువుతుండగా 2012లో ఇంటర్నెట్‌లో బొమ్మల కథగా మొదలుపెట్టారు, 2015లో పుస్తకం వచ్చింది. తను ట్రాన్స్ అని స్టీవెన్సన్ తర్వాత చెప్పారు. సినిమా తీస్తున్నది బ్లూ స్కై అనే స్టూడియో. ఆ స్టూడియో డిస్నీ చేతికొచ్చింది, 2021లో మూసేశారు, సగం పైగా తయారైన సినిమా ఆగిపోయింది. అందులో ఇద్దరు మగ వీరుల ప్రేమ విషయంలో పైనుంచి అభ్యంతరాలొచ్చాయని అక్కడ పనిచేసినవాళ్లు కొందరు పత్రికలకి చెప్పారు. తర్వాత అన్నపూర్ణ పిక్చర్స్ (మన అన్నపూర్ణ స్టూడియోస్ కాదండోయ్, అమెరికా కంపెనీ) తీసుకుని పూర్తిచేసింది.

నిమోనా ఏ రూపమైనా తీసుకోగలదు. ఖడ్గమృగం అవుతుంది, తిమింగలం అవుతుంది, చిన్న పిల్లాడు అవుతుంది. తనకి తోడుగా ఉండే వీరుడు బాలిస్టర్ మంచోడే. అతను కూడా తేడానే, ఇంకో వీరుణ్ని ప్రేమిస్తాడు. అయినా అతనికే అర్థం కాదు. అసలు నువ్వేంటి అని పదేపదే అడుగుతాడు. ఆమె తన పేరే చెప్తుంది ప్రతిసారీ. బయటికెళ్లేటప్పుడు అమ్మాయిలాగే ఉండరాదా, అదే సులువు కదా అంటాడు. ఆ సులువు ఎవరికని ఆమె తిరిగి అడుగుతుంది. రూపం మార్చినప్పుడు నీకు నొప్పిగా ఉంటుందా అంటే, మార్చకపోతేనే ప్రాణం మీదకొస్తుందన్నట్టు చెప్తుంది. నేను అక్కడ పాజ్ చేశాను. నేను దాక్కోవడానికి రూపం మార్చాను. తను బతకడానికి మారుస్తోంది. బయటినుంచి చూసేవాళ్లకి రెండూ ఒకటే. ఒళ్లు మాత్రం తేడా చెప్తుంది.

తర్వాత ఆమె చిన్నప్పటి కథ వస్తుంది. ఏ జంతువుల దగ్గరికెళ్తే ఆ జంతువు రూపం తీసుకుని చేరబోతుంది, అన్నీ తరిమేస్తాయి. గ్లోరెత్ అనే పాప ఒక్కటే ఆడుకుంటుంది. ఊళ్లోవాళ్లు చూస్తారు, కాగడాలు తెస్తారు. భయపడిన ఆ పాప కూడా కత్తి ఎత్తుతుంది. వెయ్యేళ్ల తర్వాత ఆ ఊరు పెద్ద నగరమై, చుట్టూ గోడ కట్టుకుని, నడిబొడ్డున గ్లోరెత్ విగ్రహం పెట్టుకుంటుంది. రాక్షసిని తరిమిన దేవత అని. చివర్లో నిమోనా పెద్ద నల్లటి నీడై, ఎవరినీ చంపడానికి కాదు, ఆ విగ్రహం చేతిలోని కత్తి మీద తనే వాలిపోవడానికి వెళ్తుంది.

పిల్లల సినిమాలో ఈ సీన్ పెట్టారు. మీలో ఎవరికన్నా ఆ కత్తి వైపు నడుస్తున్నట్టు అనిపిస్తుంటే, ఇప్పుడే ఈ పేజీ ఆపి 14416కి ఫోన్ చేయండి. టెలీ-మానస్, ప్రభుత్వానిదే, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. నేను నిజంగానే అంటున్నాను.

బాలిస్టర్ వెళ్లి ఆమె ముందు నిలబడతాడు. కత్తి పారేస్తాడు. క్షమించమంటాడు, నువ్వు నాకు కనిపిస్తున్నావంటాడు. అంతే చేస్తాడు. ఆమెని అమ్మాయిగా మారమని అడగడు.

ఇక మళ్లీ కాంచన దగ్గరికి. పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లాను. కనుమ రోజు మధ్యాహ్నం, గారెలు తిని అందరూ పడుకున్నారు, టీవీలో అదే సినిమా. అమ్మ, నేను చూస్తున్నాం. నేను రిమోట్ తీసుకుని మార్చేసేవాణ్ని మామూలుగా. ఆరోజు మార్చలేదు. మొదటి సగంలో అమ్మ నవ్వింది. నాకు కష్టంగా అనిపించింది కానీ ఏమీ అనలేదు. ఆ సినిమాలో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి. ఆ నవ్వులు ఎవరి మీద అన్నది ఒకటి, అలాంటి పాత్రకి ట్రాన్స్ నటి ఎవరూ దొరకలేదా అన్నది ఇంకోటి. అయినా 2011లో ఒక పెద్ద యాక్షన్ హీరో చీర కట్టుకుని, నవ్వించడానికి కాకుండా గౌరవంగా నిలబడ్డాడు. అది చిన్న విషయం కాదు.

ఫ్లాష్‌బ్యాక్ మొదలైంది. ఇంట్లోంచి గెంటేసే దగ్గర అమ్మ సౌండ్ తగ్గించింది.

'నిన్ను బళ్లో ఈ పేరు పెట్టే పిలిచేవాళ్లు కదూ?' అంది.

నేనెప్పుడూ చెప్పలేదు. 'నీకెవరు చెప్పారు?' అన్నాను.

'ఎనిమిదిలో వారం రోజులు కడుపునొప్పని బడికెళ్లలేదు నువ్వు. మీ క్లాసు పిల్లాడు నోట్సు ఇవ్వడానికొచ్చి, కాంచన ఉందా ఆంటీ అన్నాడు. నవ్వుతూ.' కాసేపాగి, 'నేనూ నవ్వాను రా' అంది.

పన్నెండేళ్లకు పైగా దాచుకుంది ఆ మాట. నేను రైలు సంగతి చెప్పాను అప్పుడు. ఆ పెద్దావిడ చెయ్యి విసిరికొట్టిన సంగతి. ఇద్దరం టీవీ వైపే చూస్తూ మాట్లాడుకున్నాం, ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. యాడ్స్ వచ్చాయి. యాడ్స్ అయ్యాక అమ్మ అడిగింది, 'సినిమాలో కాంచన వాళ్లమ్మ మళ్లీ ఎప్పుడన్నా వస్తుందా?'

'గుర్తులేదమ్మా. రాదనుకుంటా.'

'రావాల్సింది' అని లేచి వెళ్లి టీ పెట్టింది.

అదండీ. టైమ్ అయిపోయింది, నా గొంతు కూడా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.